కరిగే పొట్లంలో అంట్లద్రవం: ఉద్దానం నీటి నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

అంట్లు తోమే యంత్రానికి కావలసిన ద్రవాన్ని ఒక్క విడతకు సరిపడేలా నీటిలో కరిగే పొరలో బంధించి అమ్మడం నేడు అనేక దేశాల్లో వాడుకలో ఉంది. ఈ పొట్లాన్ని రూపొందించేవారు మూడు రకాల నీళ్ల గురించి ముందుగానే అంచనా వేసుకోవలసి ఉంటుంది. అవి పొట్లం లోపల ఉండే నీరు, యంత్రంలోకి వచ్చే నీరు, కడిగిన తరువాత బయటికి పారే నీరు. ఆ అంచనాలు శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాలకు ఎంతవరకు పొసగుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంట్లు, పాలీవినైల్ ఆల్కహాల్, కఠినజలం, తలసక్రియ పదార్థాలు, ఉద్దానం, వంశధార.

1. ప్రవేశిక

ఉత్తరాంధ్ర పలుకుబడిలో బోకులు తోమడమన్నా, ఇతర ప్రాంతాల్లో అంట్లు తోమడమన్నా ఆ పనికి కావలసిన సామగ్రి చాలాకాలం పెరట్లోనే దొరికింది. పొయ్యిలోని బూడిద, చింతపండు గుజ్జు, కొబ్బరిపీచు, కొన్ని ఇళ్లలో కుంకుడు రసం. కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానంలో పీచుకు కొరత లేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు కాల్చగా మిగిలిన బూడిదకూ కొరత లేదు.

ఈ నాలుగింటినీ రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేస్తుంది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ క్షారం. అది జిడ్డులో కొంత భాగాన్ని అక్కడికక్కడే సబ్బుగా మారుస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి పాత్రలపై పట్టిన చిలుమును కరిగిస్తుంది. ఊక బూడిదలోని సిలికా, పీచు కలిసి రాపిడిని కలిగిస్తాయి. కుంకుడులోని సపోనిన్లు నీటి తలతన్యతను తగ్గించి నురగనిస్తాయి. ఐదవది కూడా ఒకటుంది. అది తోమే మనిషి చేతిబలం. సంప్రదాయ పద్ధతిలో శుభ్రత భారమంతా దాదాపు ఈ ఐదవదాని మీదనే ఉండేది. ఆ చేయి ఎక్కువగా స్త్రీలదే కావడం వేరుగా చెప్పనక్కరలేదు.

యంత్రం తొలగించినది ఈ చేతినే. అమెరికాలో జోసెఫిన్ కాక్రన్ 1886 డిసెంబరు 28న పేటెంటు పొంది, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో చూపిన యంత్రం నీటి ధారల ఒత్తిడితో పాత్రలను కడిగింది. నేటి యంత్రాల్లోనూ రాపిడి లేదు. తిరిగే గొట్టాల నుంచి చిమ్మే వేడినీరు మాత్రమే ఉంటుంది. చేయి చేసే పనిలో నీటిధారకు సాధ్యంకాని భాగమంతా మందు మీద పడుతుంది. అందుకే యంత్రంలో వాడే ద్రవం చేతితో తోమేటప్పుడు వాడే ద్రవానికి చిక్కని రూపం కాదు. చేతితో తోమే ద్రవంలో నురగ గుణంగా కనిపిస్తుంది. యంత్రంలో అదే నురగ పంపులోకి గాలిని చేర్చి ధారను బలహీనపరుస్తుంది. చేతులకు హాని కలిగించే స్థాయి క్షారత యంత్రంలో సాధ్యమే కాదు, అవసరం కూడా.

2. పేరును గురించి ఒక మాట

ఈ వస్తువుకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ప్రకటనల్లో 'పాడ్', 'క్యాప్సూల్' అనే మాటలే వినిపిస్తాయి. 'గుళిక' సహజంగా తోచే అనువాదమే గాని, రైతుల వాడుకలో గుళికలంటే పొలంలో చల్లే పురుగుమందు. వంటగదిలో పెట్టే వస్తువుకు ఆ పేరు పెడితే వినేవారికి ముందుగా స్ఫురించేది విషమే. ఆ స్ఫురణ ఒకందుకు మేలు చేసేదే అయినా, పేరు అర్థాన్ని చెప్పాలి. 'పొట్లం' అన్నప్పుడు విప్పాలన్న భావన వెంట వస్తుంది. ఇక్కడ విప్పకూడదు. అందువల్ల ఈ వ్యాసంలో 'కరిగే పొట్లం' అనే విశేషణసహితమైన పేరు వాడబడింది. ఆకృతికి దగ్గర పోలిక కావాలంటే తాటిముంజెను గుర్తు చేసుకోవచ్చు. పలుచని పొర, లోపల ద్రవం, వేలితో గట్టిగా నొక్కితే చిట్లే స్వభావం. ఈ పోలికలో ఒక ప్రమాదమూ ఉంది. దానిని గురించి తరువాత ప్రస్తావన వస్తుంది.

3. లోపలి నీరు

నీటిలో కరిగే పొరలో ద్రవాన్ని నిలువ చేయడం పైకి చూడడానికి విరోధాభాసలా ఉంటుంది. ఆ విరోధాన్ని పరిహరించడమే ఈ పొట్లం రూపకల్పనలోని అసలు పని.

పొరకు మూలం పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్. దీనిని 1924లో జర్మనీలో విల్లీ హెర్మన్, వోల్‌ఫ్రామ్ హేనెల్ తయారు చేశారు. మొదట వినైల్ అసిటేట్ అణువులను గొలుసుగా కూర్చి, ఆ తరువాత గొలుసుకు వేలాడే అసిటేట్ భాగాలను క్షారంతో జలవిశ్లేషణ చేసి తొలగిస్తారు. ఎన్ని తొలగించారన్నదే కీలకం. దాదాపు అన్నింటినీ తీసివేస్తే గొలుసులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుపోతాయి. అలాంటి పొర వేడినీటిలో తప్ప కరగదు. నూటికి 87 నుంచి 89 వరకు మాత్రమే తొలగిస్తే, మిగిలిన అసిటేట్లు గొలుసుల నడుమ ఎడం కల్పిస్తాయి. ఆ సందులోకి చల్లని నీరు కూడా చొరబడగలుగుతుంది. అంటే పొర కరిగే గుణం, తీయకుండా వదిలిన ఆ కొద్దిపాటి లోపం వల్లనే వస్తున్నది.

ఇక్కడే తొలి చిక్కు ఎదురవుతుంది. యంత్రానికి కావలసినది క్షారద్రవం. క్షారం నెలల తరబడి పొరను అంటిపెట్టుకుని ఉంటే, కర్మాగారంలో ఆపివేసిన జలవిశ్లేషణను అది మెల్లగా కొనసాగిస్తుంది. మిగిలిన అసిటేట్లు ఒక్కొక్కటిగా పోతాయి. కొన్నాళ్లకు పొట్లం చెక్కుచెదరకుండానే కనిపిస్తుంది గాని, నీటిలో వేసినప్పుడు కరగక జిగురు ముక్కలుగా గిన్నెలకు అంటుకుంటుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. ద్రవం క్షారతను అదుపులో ఉంచి, బలమైన క్షారాన్ని పక్క గదిలో పొడిరూపంలో పెట్టడం ఒకటి. పాలిమర్ గొలుసులోనే కార్బాక్సిలేట్ భాగాలను చేర్చి, అసిటేట్లు పోయినా కరిగేలా పొరను మార్చడం మరొకటి. ఎంజైములను నిలువ ఉంచడానికి మామూలు ద్రవాల్లో వాడే బోరాక్స్ ఇక్కడ పనికిరాదు. బోరేట్ అయాన్లు పాలీవినైల్ ఆల్కహాల్ గొలుసులను అడ్డంగా ముడివేస్తాయి. పాఠశాల ప్రదర్శనల్లో పిల్లలు చేసే సాగే జిగురుముద్ద తయారయ్యేది ఈ చర్య వల్లనే.

రెండవ చిక్కు నీటి పరిమాణం. చేతితో తోమే ద్రవంలో అధికభాగం నీరే. కరిగే పొట్లంలోని ద్రవంలో నీటిని సాధారణంగా నూటికి పది పాళ్ల చుట్టుపక్కలే ఉంచుతారు. మిగిలిన చోటును ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రావణులు, నురగరాని తలసక్రియ పదార్థాలు ఆక్రమిస్తాయి. అయితే శాతం మాత్రమే చూస్తే సరిపోదు. ఆ నీరు ఎంత స్వేచ్ఛగా ఉందన్నది చూడాలి. గ్లిజరిన్, లవణాలు పట్టి ఉంచిన నీరు పొర మీదికి రాదు. అదే పరిమాణంలో స్వేచ్ఛగా ఉన్న నీరు పొరను ఉబ్బజేస్తుంది. దీనినే నీటి క్రియాశీలత అంటారు. మరోవైపు ద్రవం తేమను మరీ ఎక్కువగా పీల్చేదైతే, పొరను మెత్తగా ఉంచే నీటిని, గ్లిజరిన్‌ను కూడా తనలోకి లాగేసుకుంటుంది. అప్పుడు పొర పెళుసుబారి రవాణాలోనే పగులుతుంది. ఇటు ఉబ్బకుండా, అటు ఎండకుండా ఉండే సమస్థితిని సాధించడానికే నెలల తరబడి నిలువ పరీక్షలు చేస్తారు.

బయటి గాలి కూడా ఈ సమస్థితిలో భాగస్వామే. సుమారు 75 నుంచి 90 మైక్రాన్ల మందం ఉన్న పొరకు, ఉద్దానం తీరపు ఉప్పుగాలిలోని తేమ చిన్న పరీక్ష కాదు. పలాస జీడిపప్పు వ్యాపారులకు ఈ విషయం కొత్తది కాదు. తేమ నూటికి ఐదు పాళ్లు దాటితే పప్పు మెత్తబడి, రుచి చెడుతుందని, అందుకే ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లోనో సంచుల్లోనో బిగించాలని వారికి తెలుసు. కరిగే పొట్లాలకూ బిగుతైన మూత గల డబ్బా లేదా జిప్పు సంచి తప్పనిసరి. చల్లని ప్రదేశాల కోసం రూపొందించిన అట్టపెట్టె ఈ తీరంలో వర్షాకాలం గడవకముందే పొట్లాలన్నింటినీ ఒక ముద్దగా మార్చే అవకాశం ఉంది.

తయారీ విధానం సంక్షేపంగా ఇది. వేడిచేసిన పొరను అచ్చుగుంటల మీద పరచి కింద నుంచి గాలిని లాగేస్తే, పొర గుంటల్లోకి దిగి గిన్నె ఆకారం పొందుతుంది. అందులో ద్రవాన్ని నింపి, పై పొరను కొద్దిగా తడిపి అతికిస్తారు. తడి తగిలిన చోట పొర తానే జిగురవుతుంది. తడిచేతితో పొట్లాన్ని పట్టుకోరాదన్న హెచ్చరికకూ ఈ గుణమే కారణం.

తాటిముంజె పోలికలోని ప్రమాదం కూడా ఇదే. రంగుల ద్రవంతో మెరిసే మెత్తని వస్తువు పసిపిల్లల కంటికి తినుబండారమే. లోపలిది చిక్కని క్షారద్రవం. కొరికినప్పుడు ఒక్కసారిగా చిమ్మి నోటిని, గొంతును, కళ్లను గాయపరచగలదు. బట్టలుతికే ద్రవపొట్లాల విషయంలో ఇటువంటి ప్రమాదాలు పెరగడంతో ఐరోపా సమాఖ్య 2014లో నిబంధన చేసింది. బయటి డబ్బా లోపలిది కనబడనిదిగా ఉండాలి. పొరలో చేదుపదార్థం కలపాలి. 20 డిగ్రీల నీటిలో కనీసం 30 సెకన్లు పొర నిలవాలి. 300 న్యూటన్ల ఒత్తిడికి చిట్లరాదు. అంట్ల పొట్లాలకు ఈ నిబంధన నేరుగా వర్తించకపోయినా, రూపకర్త దానిని కొలమానంగా తీసుకోవడం ఉచితం. హెచ్చరికను చదివేవారి భాషలో ముద్రించడం కూడా అంతే అవసరం. పెట్టె మీద బొమ్మలు, ఆంగ్లం మాత్రమే ఉంటే పొర ఎంత గట్టిదైనా రక్షణ సగమే.

4. కడిగే నీరు

కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్నది కఠినజలం. వేడిచేసినప్పుడు, క్షారం తగిలినప్పుడు అవి కార్బొనేట్లుగా పేరుకొని గాజు మీద తెల్లని మచ్చలుగా మిగులుతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటి కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్య పరిమితిగానూ, వేరే నీటివనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగానూ పేర్కొంటున్నది. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో పొట్లం తయారీదారు గుర్తించాలి.

ఒక లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. ప్రధాన విడతలో యంత్రం 4 లీటర్ల నీరు తీసుకుంటుందని భావిద్దాం. కాఠిన్యం 200 అయితే ఆ నీటిలో కాల్షియం కార్బొనేట్‌తో సమానమైన లవణాలు 800 మిల్లీగ్రాములు, అంటే 8 మిల్లీమోల్‌లు ఉంటాయి. ఒక్కొక్క కాల్షియం అయాన్‌ను ఒక్కొక్క ఎంజీడీఏ అణువు బంధిస్తుంది. దాని ట్రైసోడియం లవణపు అణుభారం సుమారు 271 కాబట్టి, 2.2 గ్రాములు కావాలి. కాఠిన్యం 600 అయితే 6.5 గ్రాములు కావాలి. మొత్తం పొట్లం బరువే 15 నుంచి 20 గ్రాములు. మూడోవంతు చోటు ఒక్క కాఠిన్యానికే పోతే జిడ్డు, మెతుకులు, మరకల కోసం మిగిలేది స్వల్పం. చెంచాతో కొలిచే పొడిలోనైతే నీటినిబట్టి కొంచెం ఎక్కువ తక్కువలు వేసుకోవచ్చు. ముందే కొలిచి మూసివేసిన పొట్లం ఆ వెసులుబాటును తీసివేస్తుంది. సౌకర్యానికి చెల్లించే అసలు వెల ఇదే.

పూర్వం ఈ పనిని సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ చౌకగా చేసేది. చెరువులు, నదుల్లో నాచు పెరుగుదలకు ఫాస్ఫేట్లు దోహదం చేస్తాయన్న కారణంగా, 2017 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్యలో ఒక విడత అంట్లమందులో ఫాస్ఫరస్ 0.3 గ్రాములకు మించరాదన్న నియమం అమలైంది. దాని స్థానంలోకి వచ్చినవే ఎంజీడీఏ, సిట్రేట్లు. డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో నీటి కాఠిన్యాన్ని కొలవడానికి ఈడీటీఏతో చేసే అంశమాపనం అందరికీ పరిచితమే. ద్రాక్షారంగు నీలమయ్యే క్షణంలో జరిగేది కాల్షియంను బంధించడమే. ఎంజీడీఏ కూడా ఈడీటీఏ కుటుంబానికే చెందినది. అయితే ఈడీటీఏ ప్రకృతిలో తేలికగా విచ్ఛిన్నం కాదు, ఎంజీడీఏ అవుతుంది.

ఉద్దానంలో నీటి ప్రస్తావన వచ్చినప్పుడు మూత్రపిండాల వ్యాధి ప్రస్తావన తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కనిపిస్తున్న ఈ దీర్ఘకాలిక వ్యాధికి కారణం శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. భూగర్భజలం, అందులోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ వంటి అనేకాంశాలు పరిశోధకుల పరిశీలనలో ఉన్నాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఈ గ్రామాలకు చేర్చే పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండాల పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఈ మార్పు అంట్లకూ వర్తిస్తుంది. ఒకే ఇంట్లో తాగడానికి కుళాయినీరు, ఇతర పనులకు బోరునీరు వాడినప్పుడు, యంత్రాన్ని దేనికి కలిపారన్నదానిని బట్టి ఒకే పొట్లం రెండు రకాలుగా పనిచేస్తుంది.

కొన్ని యంత్రాల్లో కాఠిన్యాన్ని తొలగించే రెజిన్ అమరిక ఉంటుంది. దానిని మళ్లీ మళ్లీ పునరుద్ధరించడానికి ఉప్పు వేయాలి. అప్పుడు పొట్లం మీద భారం తగ్గుతుంది గాని, ఉప్పునీరు బయటికి పోతుంది. కొబ్బరిచెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది. పెరట్లోని ఆనపపాదు ఓర్చుకోదు.

కడగవలసిన ఎంగిలిని కూడా గుర్తించాలి. అన్నం మెతుకులకు, ఎండిన గంజికి అమైలేజ్ ఎంజైము, చేపలపులుసు అడుగంటిన గిన్నెకు ప్రొటియేజ్ కావాలి. పసుపు మరక వేరే రకం. సున్నం కలిపిన పసుపు పారాణిగా ఎర్రబడినట్లే, క్షారద్రవం తగిలిన పసుపు మరక యంత్రంలో ఎర్రబడుతుంది. దానిని విరగ్గొట్టడానికి ఆక్సిజన్‌ను విడుదల చేసే సోడియం పెర్‌కార్బొనేట్ కావాలి. అది ద్రవంలో నిలవదు, ఎంజైములనూ నాశనం చేస్తుంది. అందువల్లనే ఒక గదిలో ద్రవం, మరో గదిలో పొడి గల పొట్లాలు రూపొందాయి. ద్రవం మాత్రమే ఉన్న పొట్లం పసుపు వంటకాల ఇంట్లో పూర్తిగా సఫలం కావడం కష్టం. సత్తు గిన్నెల విషయంలో ఏ పొట్లమూ సఫలం కాదు. అల్యూమినియం క్షారానికి నల్లబడుతుంది.

5. కొబ్బరి, జీడి

తలసక్రియ పదార్థాల ముడిసరుకు విషయంలో ఉద్దానానికి ఈ పొట్లంతో ఊహించని చుట్టరికం ఉంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని నుంచి పన్నెండు కార్బన్‌ల ఆల్కహాల్ తయారుచేసి, ఇథిలీన్ ఆక్సైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్‌లతో కూర్చితే నురగ తక్కువగా ఇచ్చే అయానరహిత తలసక్రియ పదార్థం వస్తుంది. జీడిపిక్క పెంకులోని నూనె నుంచి లభించే కార్డనాల్‌కు కూడా పదిహేను కార్బన్‌ల తోక ఉంది. దానిని ఇదే రీతిలో తలసక్రియ పదార్థంగా మార్చవచ్చు. పలాస పరిశ్రమలో పిక్కలు ఒలిచే స్త్రీల చేతులను కాల్చేది ఈ పెంకునూనెయే. దాని నుంచి కాపాడుకోవడానికి చేతులకు బూడిదో నూనెయో రాసుకోవడం జీడి పనివారి అలవాటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ రెండు తోటలనూ నేలకూల్చింది. తోటలు తిరిగి లేస్తున్న ప్రాంతంలో పప్పుతో, కాయతో ఆగక పెంకునూనెకు, కొబ్బరినూనెకు మరో విలువను వెదకడం ఆలోచించదగిన విషయమే. అయితే ఇథిలీన్ ఆక్సైడ్ విషవాయువు, త్వరగా మండేది కూడా. ఆ దశ కుటీరపరిశ్రమలో చేయదగినది కాదు.

6. పారే నీరు

కరిగిన పొర ఎక్కడికి పోతుంది? కంటికి కనబడనంత మాత్రాన అది లేనట్లు కాదు. పాలీవినైల్ ఆల్కహాల్ గొలుసులు నీటిలో కరిగి నీటితోనే ప్రయాణిస్తాయి. వాటిని ఆహారంగా చేసుకోగల సూక్ష్మజీవులున్నాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో అలవాటుపడిన సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయన్నది తయారీదారుల వాదన. అన్నిచోట్లా అలా జరగడం లేదని వాదించిన వారు 2022లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థను ఆశ్రయించగా, 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ వారి అభ్యర్థనను తిరస్కరించింది. ఈ వివాదంలో ఇరుపక్షాల వాదనలూ శుద్ధి కేంద్రం ఉన్నదన్న భావన మీదనే ఆధారపడ్డాయి. వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల్లోని పల్లెల్లో అంట్లనీరు చాలావరకు పెరటి అరటిమొక్క మొదట్లోనో, కొబ్బరిచెట్టు పాదులోనో చేరుతుంది. తీరపు ఇసుకనేల నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచదు. కిందికి వదులుతుంది. ఆ కిందనే బావి ఉంటుంది.

బూడిదతో తోమిన నీరు చెట్టుకు పొటాషియంను అందించేది. అది కొబ్బరికి కావలసిన పోషకమే. నేటి పొట్లంలో క్షారమూ, బంధకమూ సోడియం లవణాలు. కొబ్బరి ఓర్చుకున్నా అవి మొక్కకు ఆహారం కావు. మూత్రపిండాల వ్యాధికి అంట్లద్రవాలతో ముడిపెట్టడానికి ఆధారమేమీ లేదు. ఆ భయాన్ని కల్పించడం అనుచితం. నీటి గురించి ఇప్పటికే సందేహంతో బతుకుతున్న ప్రజల నేలలోకి కొత్త ద్రవ్యం చేరేటప్పుడు దానిలో ఏమున్నదో తెలుసుకొనే హక్కు మాత్రం వారికి ఉంది. ఫాస్ఫేటు లేని, త్వరగా విచ్ఛిన్నమయ్యే బంధకం, వీలైనంత తక్కువ సోడియం, అవసరానికి మించని పొర మందం అనేవి ఇక్కడి కోసం రూపొందించే పొట్లానికి తొలి షరతులు కావాలి.

ఇందుకు ముందుగా కావలసిన సమాచారం ఖరీదైనది కాదు. పలాస, టెక్కలి, సోంపేట కళాశాలల విద్యార్థులు తమ ఊళ్ల నుంచి ఒక్కొక్క సీసా బావినీరు, బోరునీరు, కుళాయినీరు తెచ్చి, పాఠ్యప్రణాళికలో ఉన్న ఆ ఈడీటీఏ అంశమాపనాన్నే వాటిపై చేస్తే, ఊరివారీగా, ఋతువారీగా కాఠిన్య పట్టిక తయారవుతుంది. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయడం మంచిది. ఆ పట్టికలోని అంకెను పైన చూపిన లెక్కలో వేస్తే, ఏ ఊరికి ఎన్ని గ్రాముల బంధకం కావాలో, ఏ ఊరికి పొట్లం కంటే చెంచాతో కొలిచే పొడియే మేలో తెలుస్తుంది.